వంటింటి చెత్త ఎక్కడికి పోవాలి?

వంటిల్లు శుభ్రంగా ఉంచుకొనే ఇల్లాలిని మెచ్చుకోనివారు ఉండరు. పొయ్యిగట్టు అలికి, గిన్నెలు తోమి బోర్లించి, నేల తుడిచి, ఆ తరువాతనే ఆమె కూర్చుంటుంది. మన పల్లెల్లో ఎంత పేద ఇల్లయినా సరే, ఈ విషయంలో మన తల్లులకు ఎవరూ పాఠాలు చెప్పనక్కరలేదు.

కాని వంటింట్లోనుండి బయటకు వెళ్ళిన వస్తువు ఎక్కడ ఆగుతున్నది? కూరగాయల తొక్కలు, చేపల పొలుసులు, మాడిన అన్నం, గిన్నెలు కడిగిన నీళ్ళు, నూనె సంచులు ఇవన్నీ గుమ్మం దాటగానే మాయమైపోవు. గోడ అవతలో, వీధి మలుపులోనో, పొరుగువారి వాకిట్లోనో చేరతాయి. మన ఇల్లు శుభ్రమైనది, మన వీధి మురికిదైనది. ఈ రెండు మాటలూ ఒకే ఇంటిని గురించి చెప్పవలసి రావడం విచారకరం కాదా? ఈ నెల ఈ విషయం కాస్త వివరంగా ఆలోచిద్దాం.

వాక్యము ఏమి బోధిస్తున్నది?

చెత్తను గురించి బైబిలులో ఏముంటుందని కొందరు అనుకోవచ్చు. ద్వితీయోపదేశకాండము 23:12-14 చదవండి. ఇశ్రాయేలీయులు పాళెము వెలుపల మలవిసర్జనకు స్థలం ఏర్పరచుకోవాలి. ప్రతివాడు తన ఆయుధాలతోపాటు గసిక ఒకటి ఉంచుకొని, గుంట త్రవ్వి, మన్ను కప్పాలి. ఎందుకు? దేవుడు ఆ పాళెములో సంచరిస్తున్నాడు గనుక. సూక్ష్మక్రిములను గురించి ఎవరికీ తెలియని కాలంలో ఇచ్చిన ఆజ్ఞ ఇది. నేటి ఆరోగ్య కార్యకర్త చెప్పేదీ ఇదే: గుంట త్రవ్వండి, మన్ను కప్పండి.

యోహాను 6:12 చూడండి. అయిదు రొట్టెలతో అయిదు వేలమంది పురుషులకు కడుపునిండా పెట్టగల ప్రభువు, మిగిలిన ముక్కలను ఏదీ నష్టపోకుండా పోగుచేయమన్నాడు. మరల ఎంతైనా సృష్టించగలవాడే పారవేయనివ్వలేదు.

నెహెమ్యా 3:14లో మరొక సంగతి ఉన్నది. యెరూషలేము గోడలు కట్టినప్పుడు పెంటగుమ్మమును బాగుచేసినది ఎవరు? పని దొరకని కూలివాడు కాడు. ఒక ప్రదేశానికి అధిపతియైన మల్కీయా. పట్టణపు చెత్త బయటకు పోయే ద్వారానికి తలుపులు నిలబెట్టి, గడియలు అమర్చినది ఒక అధికారి. ఆ పనిని ఆయన చిన్నతనంగా ఎంచలేదు. చెత్త సంగతి ఆడవాళ్ళ పని అని పేపరు చదువుతూ కూర్చునే మన మగవారు ఈ వచనం దగ్గర కొంచెం ఆగాలి.

ఈగ, దోమ, పొరుగువారు

తడి చెత్త కుప్పగా పడితే మొదట వచ్చేది ఈగ. అది ఒక్కసారి సుమారు వంద గ్రుడ్లు పెడుతుంది. ఎండాకాలంలో ఒక్కరోజుకే పురుగులవుతాయి, పదిరోజులలోపే ఈగలై ఎగురుతాయి. ఆ కుప్పమీద వాలిన ఈగే మన చంటిబిడ్డ పాలగిన్నె మీద వాలుతుంది. విరేచనాలు, టైఫాయిడ్ ఇంట్లోకి రావడానికి ఇది ఒక దారి.

తరువాత వచ్చేది దోమ. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. దోమ నిలువ నీటిలో పుడుతుంది. గిన్నెలు కడిగిన నీరు వాకిట నిలిచి నల్లబడితే, బోదకాలు వ్యాధిని మోసే క్యూలెక్స్ దోమకు అది ఉయ్యాల. కోస్తా జిల్లాలలో ఆ వ్యాధితో బ్రతుకంతా కాలు ఈడ్చుకొంటూ నడిచిన పెద్దలను మనం ఎరుగుదుము. గుడ్డు నుండి దోమ కావడానికి వారం పదిరోజులు చాలు. కనుక వారానికొకసారి నీరు నిలువలేకుండా చేస్తే ఆ సంతతి తెగిపోతుంది.

మూడవది తగాదా. “వదినా, మీ గిన్నెల నీళ్ళు మా గడపలోకి వస్తున్నాయి” అని ఒకరంటారు. “మా తాతల నాటినుండి అటే పోతున్నాయి, ఇప్పుడు కొత్తగా వచ్చాయా?” అని రెండవవారు అంటారు. అంతటితో మాటలు ఆగిపోతాయి. పెద్దమనుషుల దాకా పోయే పల్లె తగాదాలలో మురుగు నీటి తగాదాలు తక్కువేమీ కావు. బాధాకరమైన సంగతి ఏమంటే, అటువంటి రెండు కుటుంబాలూ ఒకే సంఘంలో ఉండి, ఒకే బల్ల యొద్ద రొట్టె తీసుకొంటూ, వీధిలో ముఖాలు త్రిప్పుకొంటాయి. బలిపీఠం యొద్ద అర్పణము విడిచి, ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పాడు (మత్తయి 5:23-24). కొన్ని ఇండ్లలో ఆ సమాధానానికి ప్రార్థనతోపాటు ఒక పార, ఒక గడ్డపార కూడా కావాలి.

వేరు చేయడమే మొదటి మెట్టు

వంటింట్లో ఒక పాత బొక్కెన, ఒక గోనెసంచి, ఒక మూత ఉన్న డబ్బా పెట్టుకోండి. బొక్కెనలో తడి చెత్త: తొక్కలు, తొడిమలు, టీ పొడి, గుడ్డు పెంకులు, వాడిన ఆకుకూర. సంచిలో పొడి చెత్త: నూనె, పాల ప్యాకెట్లు, సీసాలు, కాగితాలు. డబ్బాలో ప్రమాదకరమైనవి: బ్లేడులు, సూదులు, కాలం చెల్లిన మందులు, టార్చి బ్యాటరీలు, పగిలిన బల్బులు. పొడి చెత్త, డబ్బాలోనివి పంచాయతీ చెత్తబండికి విడివిడిగా అందించండి. ప్లాస్టిక్కును పొయ్యిలోగాని వాకిట్లోగాని కాల్చకండి. ఆ పొగ విషము, ముందుగా పిల్లల రొమ్ములకే హాని చేస్తుంది.

పశువులున్న ఇంట్లో బియ్యం కడుగు, గంజి, తాజా తొక్కలు కుడితి తొట్టిలోకి పోవడం తరతరాల అలవాటు, మంచి అలవాటే. అయితే రెండు జాగ్రత్తలు మరువకండి.

మొదటిది, పెండ్లి విందులలో మిగిలిన అన్నం తట్టలకొద్దీ గేదె ముందు పోయకండి. ఒక్కసారిగా ఎక్కువ అన్నం తిన్న పశువు కడుపులో ఆమ్లం పెరుగుతుంది. పొట్ట ఉబ్బి, నెమరు ఆగి, పడిపోతుంది. వెంటనే పశువైద్యుడు రాకపోతే చచ్చిపోవచ్చు. విందు మరునాడు దొడ్లో పాడిగేదె పోయిందంటే కారణం చాలాసార్లు దిష్టి కాదు, అన్నమే.

రెండవది, చెత్తను ప్లాస్టిక్ సంచిలో ముడివేసి వీధిలో విసరకండి. ఆవు ముడి విప్పలేదు గనుక సంచితో సహా మ్రింగుతుంది. ఆ ప్లాస్టిక్ కడుపులో ముద్దగా పేరుకొని మేతకు చోటు లేకుండా చేస్తుంది. సంచిలో సూదిగాని తీగముక్కగాని ఉంటే అది కడుపును చీల్చుకొని గుండెదాకా పోతుంది. నోరులేని జీవికి నీతిమంతుడు కీడు చేయడు (సామెతలు 12:10 చూడండి).

ఎరువు గుంట

కుడితికి పనికిరాని తడి చెత్తకు తగిన చోటు ఎరువు గుంట. ఇది కొత్త సంగతి కాదు. ఇండోరులో 1924 నుండి 1931 వరకు పనిచేసిన ఆల్బర్ట్ హోవార్డ్ అనే శాస్త్రవేత్త మన దేశపు రైతుల అలవాట్లను గౌరవంగా పరిశీలించి, చెత్త, పేడ, మన్ను పొరలుగా వేసి తిరగవేసే పద్ధతిని రూపొందించాడు. 1939లో బెంగుళూరులో సి.ఎన్. ఆచార్య, తిరగవేయకుండా బురదతో మూసి ఉంచే పద్ధతిని చూపించాడు. మొదటి పద్ధతిలో మూడు నెలలకు ఎరువు వస్తుంది, శ్రమ ఎక్కువ. రెండవ దానిలో శ్రమ తక్కువ, ఆరు నుండి ఎనిమిది నెలలు పడుతుంది.

మన ఇండ్లకు ఇలా చేయవచ్చు. బావికి దూరంగా, నీరు నిలువని మెరకన, వీలైతే చెట్టు నీడలో రెండు గుంటలు త్రవ్వండి. ఒక్కొక్కటి మూడు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు, మూడు అడుగుల లోతు. చుట్టూ జానెడు గట్టు వేస్తే వాననీరు దిగదు. అడుగున కొబ్బరి డొక్కలు, కందికంప, ఎండు పుల్లలు అర అడుగు మందాన పరచండి. గాలి ఆడడానికి, నీరు దిగడానికి ఇది అవసరం.

ప్రతి సాయంత్రం బొక్కెనలోని తడి చెత్త పలుచగా వేసి, దానికి రెండింతలు ఎండుటాకులో, చిత్తుగడ్డో, ఊకో వేయండి. పైన ఒక తట్టెడు మన్ను చల్లండి. వారానికొకసారి పలుచని పేడనీళ్ళు చిలకరించండి. ఎండుటాకులు ఎందుకని అడుగుతారేమో. వంటింటి చెత్తలో ముప్పాతిక వంతు నీరే. అది ఒక్కటే వేస్తే కుళ్ళి కంపు కొడుతుంది. ఎండు పదార్థం చేరితే కుళ్ళడం ఆగి మాగడం మొదలవుతుంది. మాగుతున్న గుంటలో వేడి పుడుతుంది, బాగా సాగితే అది 55 నుండి 65 డిగ్రీల వరకు పోతుంది. ఒక ఇనుప కమ్మిని లోపలికి గ్రుచ్చి, కాసేపాగి తీసి ముట్టుకొంటే తెలుస్తుంది. ఆ వేడికి ఈగ పురుగులు, అనేక రోగక్రిములు, కలుపు విత్తనాలు చస్తాయి.

అయిదారుగురున్న ఇంటికి ఒక గుంట నిండడానికి నాలుగైదు నెలలు పట్టవచ్చు. నిండిన తరువాత పైన మన్ను కప్పి, రెండవ గుంట మొదలుపెట్టండి. మొదటిదానిని 15 రోజులకు ఒకసారి, మరి 15 రోజులకు మరొకసారి, ఆ తరువాత నెలకు ఇంకొకసారి తిరగవేయండి. రెండవది నిండేసరికి మొదటిది తయారవుతుంది. నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాసన వస్తే ఎరువు సిద్ధమని గుర్తు. జల్లించి వంకాయ, బెండ, టమాటా మొక్కల మొదళ్ళలో వేసుకోండి. ఫలించని అంజూరపు చెట్టుకోసం ఆ తోటమాలి ఇంకొక్క సంవత్సరం గడువు అడిగి, చుట్టూ త్రవ్వి ఎరువు వేస్తానన్నాడు (లూకా 13:8). ఓపికపట్టి ఎరువు వేసినవారికే ఆ మాట బాగా అర్థమవుతుంది.

గుంటలో వేయకూడనివి: మాంసం, చేపలు, ఎముకలు, నూనె, పాలపదార్థాలు. కుక్కలు, ఎలుకలు వాటికోసమే వచ్చి త్రవ్వుతాయి. చేపల వ్యర్థాలను విడిగా కొబ్బరి చెట్టు పాదులో రెండు అడుగుల లోతున పాతిపెట్టవచ్చు. ప్లాస్టిక్, జబ్బుచేసినవారి పట్టీలు, పిల్లల డైపర్లు గుంటలోకి రానేకూడదు.

గుంట చెడితే ఏమి చేయాలి?

కంపు కొడుతున్నదా? తడి ఎక్కువైంది, గాలి తక్కువైంది. తిరగవేసి ఎండుటాకులు కలపండి. చీమలు పడుతున్నవా? ఎండిపోయింది, నీళ్ళు చల్లండి. పిడికెడు తీసి పిండితే చేతికి తడి తగలాలి, నీరు కారకూడదు. అదే సరియైన కొలత. ఎంతకూ మాగడం లేదా? పేడనీళ్ళు పోయండి, పెద్ద ముక్కలను నరికి వేయండి. ఈగలు ముసురుతున్నవా? తడి చెత్త బయటకు కనబడుతున్నదన్నమాట, మన్ను కప్పండి. వానాకాలంలో తాటాకు తడిక మూత వేయండి.

కోనసీమవంటి కొబ్బరి ప్రాంతాలవారికి ఒక ప్రత్యేకమైన హెచ్చరిక. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు ఎరువు గుంటలలో, పెంటదిబ్బలలోనే గ్రుడ్లు పెడుతుంది. తిరగవేసినప్పుడు బొటనవ్రేలంత లావున, తెల్లగా వంకరగా ఉండే పురుగులు కనబడితే ఏరి చంపండి. కోళ్ళను వదిలితే అవే చూసుకొంటాయి. గుంటను నెలల తరబడి కదపక వదిలివేస్తే తోటకు మనమే శత్రువును పెంచినవారమవుతాము.

వాడుక నీటికి ఇంకుడు గుంట

గిన్నెలు కడిగిన నీటికి మొదటి మేలైన మార్గం పెరటి పాదులు. అరటి, చేమ, మెట్టతామర మురుగు నీటిని ఇష్టంగా త్రాగుతాయి. కొత్తిమీర, పుదీనావంటి పచ్చిగా తినే ఆకులకు మాత్రం ఆ నీరు పెట్టకండి. ఒక్క చోటనే కాక, రోజుకొక పాదుకు మళ్ళించండి.

పెరడు లేనివారు ఇంకుడు గుంట త్రవ్వుకోవాలి. సుమారు ఒక మీటరు పొడవు, వెడల్పు, లోతు చాలు. అడుగున పెద్ద రాళ్ళు, వాటిపై మధ్యరకం రాళ్ళు, పైన చిన్న కంకరగాని ఇటుక ముక్కలుగాని నింపండి. నీరు దిగే చోట అడుగున చిల్లులు పెట్టిన పాత కుండను ఉంచి, దానిలో కొబ్బరి పీచు నింపండి. మెతుకులు, జిడ్డు ఆ పీచులో ఆగిపోతాయి. పైన గోనెపట్టా కప్పి మన్ను వేయండి, నీరు పైకి కనబడకూడదు. బావికి, బోరుకు కనీసం 10 మీటర్ల దూరం ఉండాలి. ఇంటి పునాదికి, పొరుగువారి గోడకు ఆనించి త్రవ్వకండి. నల్లరేగడి నేలలో నీరు త్వరగా ఇంకదు, నీటిమట్టం పైనే ఉన్న పల్లపు ఊళ్ళలో గుంట పనిచేయదు. అటువంటి చోట పెరటి పాదులే గతి, లేదా వీధి అంతా కలిసి కాలువ కట్టించుకోవాలి.

ఈ గుంట పాడవడానికి కారణం ఒక్కటే: జిడ్డు, మెతుకులు. గిన్నెలోని ఎంగిలిని ముందే తుడిచి బొక్కెనలో వేయండి. వాడిన నూనె ఎన్నడూ పోయకండి. కుండలోని పీచును వారానికొకసారి మార్చి, పాతదానిని ఎరువు గుంటలో వేయండి. కొన్ని సంవత్సరాలకు నీరు ఇంకడం తగ్గితే రాళ్ళు పైకి తీసి, కడిగి, ఎండబెట్టి, గుంట గోడలు గీకి మరల నింపండి. గుంటలకు ప్రభుత్వ సహాయం ఏమైనా ఉన్నదేమో పంచాయతీ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

అమెరికా వంటింటి యంత్రం

పిల్లలను చూడడానికి, కుమార్తె పురిటికి అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు ఇప్పుడు మన సంఘాలలోనూ ఉన్నారు. అక్కడి వంటింటి సింకు క్రింద చెత్తను నూరే యంత్రం ఉంటుంది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్ పట్టణానికి చెందిన జాన్ హామ్స్ అనే భవన నిర్మాణ శిల్పి 1927లో దీనిని తయారుచేశాడు. 1935లో పేటెంటు వచ్చింది. దీనిలో కత్తులు ఉండవు. గిర్రున తిరిగే పళ్ళెం చెత్తను చుట్టూ ఉన్న గరుకు పట్టీకి విసిరికొట్టి నూరుతుంది. నీటితో కలిసి అది మురుగు గొట్టంలోకి పోతుంది.

వెళ్ళేవారు ఈ కొద్ది మాటలు గుర్తుంచుకోండి. ముందు చన్నీళ్ళు విప్పి, తరువాత మీట నొక్కండి. కొంచెం కొంచెంగా వేయండి. శబ్దం తేలికపడిన తరువాత కూడా అరనిమిషం నీరు పోనివ్వండి. అన్నం ముద్దలు, మునక్కాయ పిప్పి, కరివేపాకు రెబ్బలు, కొబ్బరి పీచు, ఉల్లిపొట్టు, ఎముకలు, నూనె వేయకండి. అన్నం జిగురై గొట్టంలో పట్టుకొంటుంది, పీచు చుట్టుకొంటుంది. చెంచా పడిపోతే చేయి పెట్టకండి. మీట ఆపి, కరెంటు తీసి, పట్టకారుతో తీయండి. యంత్రం ఆగిపోతే అడుగున ఎర్రని బొత్తాం ఉంటుంది. చల్లారనిచ్చి, అడ్డం తీసి, దానిని నొక్కితే మరల తిరుగుతుంది.

ఇటువంటిది మనకూ ఉంటే బాగుండునని కొందరు అనుకోవచ్చు. ఊరంతటికీ మురుగు గొట్టాలు, వాటి చివర నీటిని శుద్ధిచేసే కేంద్రం ఉన్నచోటనే అది పనికివస్తుంది. న్యూయార్కు నగరంలోనే పాత మురుగు గొట్టాల భయంతో చాలా ప్రాంతాలలో 1997 వరకు దానిని నిషేధించారు. మన ఇంకుడు గుంటలో ఆ నూరిన ముద్ద పడితే రాళ్ళు మూసుకుపోతాయి. మన నేలకు, మన పెరటికి ఎరువు గుంటే తగినది. దానికి కరెంటు అక్కరలేదు, పైగా అది తీసుకొన్నది తిరిగి ఇస్తుంది.

సంఘము చేయదగినది

క్రిస్మసు విందు, కోతల పండుగ, ప్రేమవిందు ముగిసిన తరువాత మన మందిరపు ఆవరణ ఎలా ఉంటున్నది? పాటలు విన్న పొరుగువారు మరునాడు ఉదయం గాలికి ఎగిరే ప్లేట్లను కూడా చూస్తారు. ప్లాస్టిక్ ప్లేట్లను, గ్లాసులను, చెంచాలను దేశమంతటా 2022 జూలై 1 నుండి నిషేధించారు. మోదుగ విస్తళ్ళు, అరటి ఆకులు మనకు ఎక్కడైనా దొరుకుతాయి, అవి ఎరువవుతాయి. మందిరం వెనుక ఒక ఎరువు గుంట త్రవ్వడం యౌవనస్థుల కూటమికి ఒక శనివారపు పని. దానికి పెద్దలు, ఉపదేశకులు ముందు పార పట్టుకొంటే మల్కీయాను గురించి వేరే ప్రసంగం అక్కరలేదు.

స్త్రీల సమాజంవారు వారానికొక వీధి చొప్పున నిలువ నీటిని చూసి రావచ్చు. విధవరాండ్రకు, త్రవ్వుకోలేని వృద్ధులకు గుంట త్రవ్వి ఇవ్వడం కూడా పరిచర్యే. అన్నిటికంటె ముందు, మీ నీరు ఎవరి గడపలోకి పోతున్నదో ఈ సాయంత్రం గోడ అవతలికి వెళ్ళి చూడండి. పోతున్నదని తెలిస్తే, వారు పిలిచి తగవు పెట్టేదాకా ఆగకండి. “వదినా, మా నీళ్ళ సంగతి మేము చూసుకొంటాము, ఇన్నాళ్ళు ఓర్చుకొన్నారు” అని మీరే ముందు చెప్పండి. ఆ మాట చెప్పి, మరుసటి ఆదివారానికి ముందే గుంట త్రవ్వండి.